ఊరేగింపు తర్వాత

ఇంగ్లండు యువరాజు పెళ్లిని అమెరికాలో, నేపర్‌విల్‌లో మా ఇంట్లో పొద్దున్నే టీవీలో చూస్తుండగా, ఇంగ్లండులోనే ఉంటున్న తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, వచ్చే నెల మా మిల్లు మూసేస్తారట. పేపర్లలో మాత్రం అంతా పెళ్లికూతురి గౌనే!"

తెర మీద గుర్రపు బగ్గీలు కదులుతున్నాయి. మా జమీందారీ రద్దవుతుందని తెలిసిన ఏడాదే నాన్నగారు అక్క పెళ్లికి ఏనుగులను తెప్పించారు. జిల్లా పత్రిక అంబారీల గురించే రాసింది. ఆ ఊరేగింపును నేనిప్పటికీ తప్పు పట్టను. కానీ తర్వాత ఏమొచ్చిందో చూశాను.

"ఇల్లు అమ్మేసి ఇక్కడికి వచ్చెయ్," అన్నాను.

"ఈ దేశానికేమవుతుంది అన్నయ్యా? వీధివీధికీ జెండాలు కట్టారు!"

"మన కోటకీ కట్టాంరా."

వాడు నవ్వేసి ఫోన్ పెట్టేశాడు. చివరి బగ్గీ వెళ్లేదాకా నేను నిటారుగా కూర్చునే చూశాను.