సోమలింగం రాసిచ్చిన కాగితం

సోమలింగం రాష్ట్రం కాని రాష్ట్రంలో, హజీరాలో ఒక కంపెనీ బస్సు నడపబట్టి ఇరవై రెండేళ్లు. షిఫ్టుకు ఆలస్యమవుతోందని ఎంతమంది విసుక్కున్నా, బోర్డు మీద నలభై అని ఉంటే ఆయన స్పీడు ముల్లు నలభై దాటదు. ముసలాయన బండి అని నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లే ఆ బస్సులో హాయిగా నిద్రపోయేవాళ్లు.

అలాంటి మనిషికి అతివేగం చలాన్ వచ్చింది, ఏడాదిలో ఐదోసారి. దాంతోపాటు ఇంకో కాగితం: లైసెన్సు మూడు నెలలు ఎందుకు ఆపకూడదో ట్రాఫిక్ ఆఫీసుకు వచ్చి చెప్పుకోమని. అన్నాళ్లు కంపెనీ ఆయన సీటు ఖాళీగా ఉంచుతుందా? యాభై ఎనిమిదేళ్లవాడిని, బస్సు పట్టకముందు పనిచేసిన మగ్గం దగ్గర మళ్లీ నిలబెట్టుకునేదెవరు?

ఐదు చలాన్లూ ఒక బైకువి. అది ఆయన పేరు మీదుంది, అంతే. సిరిసిల్ల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉండేవాళ్ల గల్లీ అది. బండి కొనాలంటే చిరునామా రుజువు కావాలి గనక, సొంత కరెంటు బిల్లు ఉన్నవాడి పేరు మీదే అక్కడ సగం బండ్లు. భార్య భాగీరథి అన్నకొడుకు సుమన్ బైకు కొన్నప్పుడు సోమలింగం మారుమాటాడకుండా సంతకం పెట్టాడు. కాదంటే నలుగురూ ఊరుకుంటారా! చలాన్ వచ్చినప్పుడల్లా సుమన్ ఫోన్లోనే కట్టేశాడు. కట్టేస్తే మాసిపోతుందనుకున్నారు, తెలివితక్కువ మామా అల్లుళ్లు.

"ఆఫీసుకొచ్చి, నడిపింది నేనే అని ఒక్కమాట చెప్పు బిడ్డా," అన్నాడు సోమలింగం.

సుమన్ తల దించుకున్నాడు. "నాకు లైసెన్సే లేదు మామా."

"మరి మూడేండ్ల సంది ఏం జూస్కొని తిరుగుతున్నవ్‌రా?"

మేనల్లుణ్ణి తిట్టలేక, మొగుడి ముఖం చూడలేక భాగీరథి వంటగదిలోంచి బయటికే రాలేదు.

ట్రాఫిక్ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ చిన్నవాడు, మర్యాదస్తుడు. కంప్యూటర్ తెర ఇటు తిప్పి ఫోటో చూపించాడు. హెల్మెట్‌లో ముఖం తెలియడం లేదు. వేగం మాత్రం డెబ్బై ఎనిమిదని స్పష్టంగా ఉంది.

"ఇది మీరేనా చాచా?" హిందీలో అడిగాడు. "వేరేవాళ్లయితే పేరు, లైసెన్సు నంబరు రాయండి. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చి ఉంటే మాత్రం మీ మీదా కేసవుతుంది."

సోమలింగానికి కడుపు మండిపోయింది. సుమన్ మీద, గల్లీ మీద, అన్నిటికంటే ఎవరినీ కాదనలేని తన నోటి మీద. నిజం చెబితే ఇద్దరి మీదా కేసు. అబద్ధం చెబితే తన లైసెన్సొక్కటే ఆగుతుంది. ఎటు తిరిగినా బస్సు పోయినట్టే. పెన్ను అడిగి తీసుకుని, బండి నడిపింది నేనే అని రాసి సంతకం పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితం చదివి, ఆయన నెరిసిన తల వంక చూశాడు.

"ఈ వయసులో ఇంత స్పీడేమిటి చాచా? రోడ్డు మీద వేరేవాళ్ల పిల్లలు కూడా ఉంటారు కదా."

ఇరవై రెండేళ్లలో ఆ మాట ఆయన్ను ఎవరూ అనలేదు.

"తప్పయింది సాబ్," అన్నాడు సోమలింగం.