వీసాలో లేని ఊరు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం పొద్దున, సుల్తానాబాద్‌లో మా ఇంటి ముందుకు ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. బండికి నాలుగు గుంజలు, వాటికి తాళ్లతో ఊయలలా వేలాడదీసిన నులక మంచం, దాని మీద తుంటి విరిగిన ముసలామె. పక్కింటి అక్క ఉరికి వచ్చి తల్లిని వాటేసుకొని ఏడ్చింది.

"నన్ను పెండ్లిపిల్ల లెక్క ఊరేగించుకుంట తెచ్చిండ్రు బిడ్డా" అని ముసలామె నవ్వింది.

అప్పటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. అక్క పెళ్లయ్యాక భర్తతో కరాచీ వెళ్లిపోయింది. కొన్నేళ్లకు తల్లిని చూడటానికి వీసా మీద వచ్చింది. అటునుంచి వచ్చినవాళ్లు వీసాలో రాసిన ఊరు దాటకూడదు. వచ్చినప్పుడూ పోయేటప్పుడూ ఠాణాలో హాజరు కావాలి. పుట్టింటి ఊరని అక్క దరఖాస్తులో సుల్తానాబాద్ ఒక్కటే రాసింది. వీసా చేతికొచ్చేలోగా తల్లి జారిపడింది. జమ్మికుంట పత్తి మార్కెట్‌లో పనిచేసే కొడుకు, అంటే అక్క తమ్ముడు, ఆమెను తన దగ్గరికి తీసుకుపోయాడు. మధ్యలో మానేరు వాగు. వీసాలో జమ్మికుంట లేదు.

గడువు ఇంకో వారమే ఉందనగా ఆ తమ్ముడు వచ్చాడు. "బురఖా ఏసుకొని పోతే ఎవడు గుర్తువడుతడు? జల్ది పోయొద్దాం" అన్నాడు. అక్క చెప్పులు కూడా వేసుకుంది.

మా తాత మగ్గం నేసేవాడు, నిజాం కాలంలో ఉర్దూ చదివినవాడు. ఠాణావాళ్లు ఇచ్చిన కాగితం తెమ్మని రెండుసార్లు చదివాడు.

"దొరికితే జైలు. కరాచీల నీ పిల్లలు ఎవరి మొకం చూడాలె?" అన్నాడు. కాగితం మడిచి, "గీ కాయితం కట్టేసింది నిన్ను బిడ్డా. మీ అమ్మను కట్టెయ్యలే" అన్నాడు.

బండి కుదుపులకు తల్లి బతకదని తమ్ముడు భయపడ్డాడు. తాత మగ్గం తాళ్లు విప్పి భుజాన వేసుకున్నాడు. జమ్మికుంటలో మంచాన్ని తన చేతులతోనే బండికి కట్టాడు. మానేరు ఇసుకలో ఎడ్లను ఆపుతూ, నడిపిస్తూ, రెండు రోజులకు ఇల్లు చేరాడు.

ఎవరో చాడీ చెప్పినట్టున్నారు, మరునాడే ఠాణా జమాదారు వచ్చి అక్కను నిలదీశాడు.

"జమ్మికుంటకు పోయినవంట?"

"నేను పోలే సాబ్. జమ్మికుంటనే నా తానకు వచ్చింది."

"ఔ, నేనే జమ్మికుంట!" అని మంచం మీద నుంచి ముసలామె చెయ్యెత్తింది. జమాదారుకు నవ్వు ఆగలేదు. మా వాడకట్టంతా నవ్వింది. గడువు దాటకముందే అక్క ఠాణాలో చివరి హాజరు వేయించుకొని, తలెత్తుకొని పిల్లల దగ్గరికి వెళ్లింది.

ఆ తర్వాత నా చేతికి ఎన్నో హుకుంలు వచ్చాయి. ఏది వచ్చినా, అది ఎవరిని కట్టేసిందో, ఎవరిని వదిలేసిందో చూడనిదే ఈనాటికీ కాగితం మడవను.

మరుసటి ఏడు పెట్టిన దరఖాస్తులో జమ్మికుంట కూడా రాశానని అక్క ఉత్తరం వేసింది. ఆ వీసా ఆమెకు వచ్చిందో లేదో మాకు తెలియదు.