నా నింద మోసిన సోమెలమ్మ

సోమెలమ్మ గారు పరమపదించారన్న వార్త నాకు డుంబ్రిగుడ సంతలో చేరింది. సంఘానికి కావలసిన గోనెసంచులు బేరమాడుతున్నాను. ఫోను చేసింది ఆవిడ పెద్ద కూతురు. "అమ్మ ఎల్లిపోనాదక్కా" అని ఒక్క మాట అని భోరుమంది. మూడు రోజుల జ్వరం, ఆసుపత్రిలో ఒక్క పూట, అంతే. నా చుట్టూ జనం అల్లం, పసుపు కొంటూనే ఉన్నారు. నేను బేరం వదిలేసి పక్కకు వచ్చేశాను. దుఃఖం కంటే ముందు మనసులో మెదిలిన మాట వ్రాయడానికి సిగ్గుగా ఉంది. "ఇక నేను చెప్పినా వినడానికి ఆవిడ లేరు" అనుకున్నాను.

ఆవిడను ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు. మా కాఫీ రైతుల సంఘానికి సోమెలమ్మ గారు తొలి అధ్యక్షురాలు. ఎవరికి వారు పచ్చి పళ్లను దళారులకు అమ్ముకునే రోజుల్లో, ఇల్లిల్లూ తిరిగి, రైతులందరినీ ఒక్క కళ్లం మీదికి చేర్చారు. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, అందరి గింజలూ కలిపి అమ్మడం అలవాటు చేశారు. బడి గడప తొక్కిన మనిషి కాదు. సంతకం కూడా అధ్యక్షురాలు అయ్యాకే నేర్చుకున్నారు. విశాఖపట్నంలో కామర్సు చదివి నేను సంపాదించిన జ్ఞానం కంటే, ఆవిడ పక్కన చాప మీద కూర్చుని నేర్చుకున్నదే ఎక్కువ.

నాకు ఉద్యోగం ఇచ్చిందీ ఆవిడే. మాది రాజవొమ్మంగి. నాన్న మిషను బడిలో మాస్టారు. మేనేజరు పనికి కింద మైదానం నుంచి అనుభవజ్ఞుడొకాయన కూడా వచ్చాడు. సభ్యులందరూ ఆయన వైపే మొగ్గారు. అప్పుడు సోమెలమ్మ గారు లేచి, "ఆ బాబు మంచోడే. కానీ రెండేళ్లుండి ఎల్లిపోతాడు. ఈ గుంట మన కొండల పిల్ల. తప్పు సేస్తే నేర్పుకుందాం, బేగి నేర్సుకుంటాది" అన్నారు. ఆ మాట మీద నాకు కొలువు దక్కింది.

సభ నడపడంలో ఆవిడది విలక్షణమైన పద్ధతి. ఎప్పుడూ ముందుగా తన అభిప్రాయం చెప్పేవారు కాదు. వెనుక వరుసలో ముసుగు కప్పుకుని కూర్చున్న వృద్ధురాలిని ముందు అడిగేవారు. కారణమడిగితే, "నాను ముందు సెప్పేస్తే అందరూ నా మాటే సెప్తారు. మరి నాకు తెలీనిది ఎవులు సెప్తారు?" అని నవ్వారు. తూకం రోజున తన పళ్ల బుట్ట చిట్టచివరకు తెచ్చేవారు. పొద్దు వాలి, తూకం వేసేవాళ్లు అలసిపోయి, తూకం తక్కువ పడే వేళ అది. నష్టం వస్తే అధ్యక్షురాలికే రావాలన్నది ఆవిడ ధర్మం.

ద్రవ్యం విషయంలోనూ అంతే నిష్ఠ. సరుకు అమ్మిన సొమ్ము చేతికి రాగానే, పంచడానికి ముందే కొంత తీసి పక్కన పెట్టించేవారు. దానికి ఆవిడ పెట్టిన పేరు కరువు మూట. "పంచినాక మిగిలితే దాద్దామంటే ఏటీ మిగల్దు. ముందు దాసి, తరవాత పంచాల" అనేవారు. నిర్వాహకులకు శిక్షణ ఇచ్చే చోట నేను ఇదే సూత్రాన్ని గంటసేపు బోర్డు మీద బొమ్మలు గీసి చెబుతుంటాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఒక్కసారీ చెప్పలేదు. కానీ నా అపరాధాలలో అది చిన్నది.

పెద్దది మూడేళ్ల కిందటిది. నగరం నుంచి ఒక వ్యాపారి మంచి ధరకు మా సరుకంతా కొంటానన్నాడు. ఫలానా రోజుకు లారీ పంపుతానన్నాడు. ఆ వారమే సోమెలమ్మ గారు చిన్న కూతురి కాన్పుకు భర్తతో కలిసి వెళ్లవలసి వచ్చింది. వెళ్తూ గుప్పెడు గింజలు తీసి, ఒకటి కొరికి చూశారు. "ఇంకా మెత్తగుంది. పంటికింద టక్కుమనాల. అప్పుడుదాకా మూట కట్టనీకు. లారీ ఆగితే ఆగనీ" అని మరీ మరీ చెప్పారు.

మర్నాటి నుంచి మంచు వదలలేదు, ఎండ కాయలేదు. లారీ తిరిగి వెళ్లిపోతే బేరం చెడుతుందన్న భయం ఒకవైపు. ఆవిడ లేకుండానే అంతా చక్కబెట్టానని అనిపించుకోవాలన్న దురాశ మరొకవైపు. కళ్లం మీద పనివాళ్లు "తడి ఉందమ్మా" అంటున్నా వినకుండా మూటలు కట్టించి లారీ ఎక్కించాను. నగరం చేరేసరికి గింజలకు బూజు వాసన పట్టింది. వ్యాపారి ధర మూడోవంతు కోసేశాడు.

ఆవిడ తిరిగి వచ్చిన రోజునే కళ్లం మీద సభ. బయట జనం అరుస్తున్నారు. ఆఫీసు గదిలో నా ఎదురుగా కూర్చుని, "ఏటైంది? దాయకుండా సెప్పు" అన్నారు. చెప్పాను. "సరే. నువ్విక్కడే కూకో" అని లేచి బయటికి నడిచారు. కిటికీలోంచి ఆవిడ గొంతు స్పష్టంగా వినబడింది.

"మూటలు కట్టించీమన్నది నానే. తప్పు నాది."

ఎవరో అడిగారు: "కాన్పుకెల్లావు కదా పెద్దమ్మా, నువ్వెలా సెప్పావు?"

"ఫోన్లో సెప్పాను."

నాకు తెలిసి ఆవిడ ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. నేను ఆ గదిలోంచి లేవలేదు. కాళ్లు రాలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాళ్లు బాగానే ఉన్నాయి.

కరువు మూట విప్పించి, చిన్న కమతాల వాళ్లకు ముందు ఇప్పించి, తనకు అసలే వద్దని, నష్టం కొంత పూడ్చారు. అయినా ఆ ఏడే అధ్యక్ష పదవి పోయింది. వ్యాపారి దగ్గర సొమ్ము తినేసిందని ఊళ్లలో పుకారు పుట్టింది. ఒకనాడు ఇంటికి వెళ్లి కాళ్ల మీద పడ్డాను. లేవనెత్తి అన్నారు: "నువ్వు పోతే ఆ కుర్సీలో మళ్ళీ మన గుంటని కూకోనిస్తారేటి? మంచి కబురు ఎవులైనా సెప్తారు. సెడ్డ కబురు పెద్దోళ్లే సెప్పాల. అప్పుడు పెద్దదాన్ని నాను. నువ్వూ పెద్దదానివి అవుతావు. ఆ రోజు నువ్వే సెప్పు."

ప్రతి ఏటా మహాసభలో ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఒక మూల కూర్చుని వినేవారు. నా వంక చూసేవారు, అడిగేవారు కాదు. లాభాలు చదివేదాన్ని, చప్పట్లు కొట్టేవారు, నేను కూర్చుండిపోయేదాన్ని. వచ్చే ఏడు చెబుదామనుకుంటూ మూడు సభలు గడిపాను.

అంత్యక్రియలు వాళ్ల తోటలోనే జరిగాయి. మట్టి వేశాక, అందరూ ఉండగానే నేను నోరు తెరిచాను. మంచు, లారీ, తడి గింజలు, ఫోను రాలేదన్న నిజం, అంతా చెప్పాను. రాజీనామా కాగితం ఇప్పటి అధ్యక్షుడి చేతికిచ్చాను. సంఘం ఇంకా ఏమీ తేల్చలేదు.

ఆవిడ భర్త సుక్ర గారు తల వంచుకునే అన్నారు: "నాకు తెలుసమ్మా. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఆ గుంటే సెప్తాదిలే అనేది."

కోపగించుకుంటారనుకున్నాను. ఒక్కొక్కరే మట్టి చేతులు కడుక్కోవడానికి కదిలారు. చాలాసేపటికి జనంలోంచి ఒక ముసలామె నా దగ్గరికి వచ్చింది. సోమెలమ్మ గారి పక్కింటావిడ. సొమ్ము తినేసిందని నమ్మి, మూడేళ్లుగా ఆ గుమ్మం తొక్కని మనిషి. నా రెండు చేతులూ పట్టుకుంది.

"పొయ్యిలోకి నిప్పు కూడా ఆవిడింటి నుంచే తెచ్చుకున్నదాన్ని. మూడేళ్లు మొకం సూడనేదు. ఎదురైతే పక్కకి తిరిగి ఎల్లిపోయాను. ఇప్పుడు నాను ఎవులికి సెప్పుకోవాల? సెప్పు."

అప్పటిదాకా నా మౌనం నాకొక్కదానికే బరువనుకున్నాను. ఇలా ఎంతమందికి ఆవిడను దూరం చేశానో ఆ క్షణాన తెలిసింది. సోమెలమ్మ గారి వంటి నాయకురాలు మా కొండలకు మళ్లీ దొరకరు. ఆ మహనీయురాలి స్మృతికి మోకరిల్లుతున్నాను. పక్కింటావిడ మాత్రం నా చేతులు వదలలేదు, జవాబు కోసం చూస్తూ నిలబడింది.