పదమూడులోంచి ఆరు పోతే

మొన్న మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు సూర్యాపేటలో బయలుదేరిన మా కారు పది యాభై ఎనిమిదికి కోదాడ చేరింది. ఇరవై ఏడు మైళ్ళు, ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇందులో నేను వృథా చేసిన నాలుగు నిమిషాలు కూడా ఉన్నాయి. సూర్యాపేట దాటుతుండగా ఒక ఫంక్షన్ హాలు ముందు కార్లు నిలపడానికి నేలమీద కొత్తగా తెల్లగీతలు వేసి ఉండడం చూసి, డ్రైవరును ఆపమని దిగి, చేతికర్రకు పెట్టుకున్న గుర్తులతో ఒక గీత వెడల్పు కొలిచాను. ఐదంగుళాలకు ఒక వీసం తక్కువ. అదే నేలమీద, దాదాపు అంతే వెడల్పున, 1949లో నేను సున్నంతో గీతలు వేయించాను. ఆ గీతల కథ మా ఈడు వాళ్ళకైతే కొంత ఎరుకే. తక్కిన భాగం ఇన్నేళ్ళూ నేనెవరికీ చెప్పలేదు.

పోలీసు చర్య ముగిసి అప్పటికి నాలుగు నెలలు. దారిలో మిలిటరీ లారీలు, ఊళ్ళో గుసగుసలు. ఎవరు ఎవరి మనిషో తెలియక, కొత్త ముఖం కనిపిస్తే మంచినీళ్ళు ఇచ్చేలోగా ఏ ఊరని మూడుసార్లు అడిగే రోజులు. అటువంటి సమయంలో మిషన్ దవాఖాన డాక్టరమ్మ తమ్ముడు ఇంగ్లండు నుంచి వచ్చి దిగాడు. ముప్పై ఏళ్ళవాడు, ఎడమ మోకాలు సగమే వంగేది. పగలు దవాఖాన వ్యాను నడిపేవాడు, సాయంత్రం బంతి తన్నేవాడు. అదే తన వృత్తి అనీ, పదిహేడో ఏట నుంచి మోకాలు పోయేదాకా ఫుట్‌బాల్ ఆడి వారం వారం జీతం తీసుకున్నాననీ చెప్పేవాడు. ఊరు ఆయనకు బంతిదొర అని పేరు పెట్టింది గాని, ఆయన మాటను మాత్రం నమ్మలేదు.

మా మేనమామ అయితే మొహం మీదనే నవ్వేవాడు. “ఆడుకుంటే జీతమిస్తరా? ఇగ మా దున్నపోతుకు గూడ పింఛన్ రాయమనుండ్రి, దినమంత ఆడుకుంటనే ఉంటది.”

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. సర్వే శిక్షణ ముగించి కొత్తగా రోడ్ల పనిలో చేరాను. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కనుక దొర నన్ను పట్టుకుని, దవాఖాన వెనుక బీడులో ఆటస్థలం కొలిచిపెట్టమన్నాడు. పొడవు నూట పది గజాలు, వెడల్పు అరవై ఆరు. మా సర్వే గొలుసు ముప్పై మూడు అడుగులు, దానికి అణాలనే పదహారు భాగాలు. పొడవు ఒక గొలుసు, వెడల్పు ఒక గొలుసు అయితే ఒక గుంట, నలభై గుంటలైతే ఎకరం. లెక్క వేస్తే దొర మైదానం సరిగ్గా పది గొలుసుల పొడవు, ఆరు గొలుసుల వెడల్పు, అంటే ఎకరన్నర అయింది. ఎక్కడో సముద్రాల అవతలి ఆటస్థలం మన గొలుసుకు ఒక్క అణా కూడా అటూఇటూ కాకుండా కుదరడం నాకు ఎంత ఆనందం కలిగించిందో, ఆ గొలుసు చప్పుడు ఊరికి అంత భయం కలిగించింది. మా నాయనమ్మ నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది.

“గొలుసు వడ్డదంటే జాగ వోయినట్టే. దొరలు మారిండ్రు గని గొలుసు మారలే. గదీ నువ్వే మోస్తివి గదర.”

పన్నెండు గుంజలు పాతించాను. మరునాడు చూస్తే ఐదే ఉన్నాయి. దొర మిగిలిన చోట్ల నాచేత సున్నంతో గీతలు వేయించాడు.

ఆటకు మనుషులు మెల్లగా వచ్చారు. దవాఖాన కాంపౌండరు, ఇద్దరు బడిపంతుళ్ళు, గరిడేపల్లి నుంచి వచ్చే గొర్లకాపరి ఒకడు, మా అన్న. అన్నకు ఇరవై రెండేళ్ళు. మిర్యాలగూడలో ఒక మిల్లులో ఆయిలింజను చూసేవాడు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి, ఆదివారమంతా ఆడి, సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోయేవాడు. చెప్పులు లేని కాలితో ఎడమవైపు నుంచి అతడు కొట్టే బంతిని దొర మూడు ఆదివారాలు చూసి, నాలుగో ఆదివారం తన బూట్లు తెచ్చి అతని ముందు పెట్టాడు. మునివేళ్ళ దగ్గర గుడ్డపేలికలు కుక్కితే సరిపోయాయి.

ఆట అయ్యాక దవాఖాన వరండాలో కూర్చుని దొర తన సంగతులు చెబితే నేను తెలుగు చేసేవాణ్ణి. ఉత్తరాన నూలుమిల్లుల ఊరట. మొదటి ఏడాది పెద్ద ఆటగాళ్ళ బూట్లు తుడిచి, ఆట చూసే జనం నిలబడే మెట్లు ఊడ్చాడట. జీతానికి పైమితి ఉండేదట, ఎంత బాగా ఆడినా దాన్ని దాటనివ్వరట. క్లబ్బు ఒప్పుకోనిదే మరో క్లబ్బుకు పోరాదట. చివరికి ఒక క్లబ్బు ఆయనను మరో క్లబ్బుకు వెల కట్టి అమ్మిందట. ఈ చివరి మాట నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. వెట్టి నుంచి బయటపడి ఇంకా నడుము సరిచేసుకోని మనుషుల ముందు, తనను అమ్మారని ఒక తెల్లవాడు నవ్వుతూ చెప్పుకోవడం ఏమిటి? ఆ సంగతి మా ఇంటికి నాకంటే ముందే చేరింది.

“మనిషిని అమ్ముడేందిర? గదేమన్న ఎడ్లంగడా?” అని నాయనమ్మ అడిగితే, “పండ్లు గూడ లెక్కవెట్టిండ్రేమో అడుగు అల్లుడా” అని మేనమామ అందుకున్నాడు. నాన్న మాత్రం నవ్వలేదు.

మార్చిలో కోదాడ జట్టుతో పందెం కుదిరింది. ఆనాటి బస్సుకు ఈ ఇరవై ఏడు మైళ్ళు రెండు గంటల యాభై నిమిషాలు పట్టాయి. మిలిటరీ వాళ్ళు రెండుసార్లు ఆపి, బంతిని కూడా నొక్కి చూశారు. మేము రెండు గోలులు కొట్టి గెలిచాము, రెండూ అన్నవే. టీ తాగుతుంటే అక్కడి హోటలాయన నన్ను పక్కకు పిలిచి, “మీ దొర అచ్చంగా ఆటగాడేనంటారా? ఎప్పుడు చూసినా పుస్తకంలో ఏదో రాసుకుంటాడేంటండీ?” అన్నాడు. దొర రాసుకున్నది అన్న ఎన్నిసార్లు ఏ కాలితో తన్నాడో ఆ లెక్క. నేను చూశాను. చూసి కూడా హోటలాయనకు జవాబు చెప్పలేదు.

పందెం చూసిన వారిలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దజట్టు మనిషి ఉన్నాడు. వచ్చే గురువారం వచ్చి ఆడి చూపితే, నచ్చితే జట్టులో చోటు, దానితోపాటు కొలువు, ఏడాదికి ఒప్పందం కాగితం అని చెప్పాడు. దొర సిఫారసు ఉత్తరం రాసి, బుధవారం ఉదయం ఐదు నలభై బస్సుకు అన్నను తానే వెంటబెట్టుకు పోతానన్నాడు. ముప్పై రెండేళ్ళ దాకా, అంటే ఇంకా పది సీజన్లు, ఆడగల కాళ్ళు ఇవి అని నాతో అన్నాడు.

ఇందులో నాన్నకు వినిపించినవి మూడే: కాగితం, సంతకం, అమ్మకం. నాన్న తాలూకా కచేరీలో వాంగ్మూలాలకు నకళ్ళు రాసే గుమాస్తా; పాతికేళ్ళుగా అబద్ధాలను అందమైన దస్తూరీలో రాసిన మనిషి. ఉత్తరం తన చేతిలోకి తీసుకుని, నన్ను పిలిచాడు.

“నువ్వు లెక్కలోడివి. పోయి ఆ మనిషిని ఏండ్లు అడుగు. ఎప్పుడు మొదలువెట్టిండు, ఎప్పుడు ఖతం జేసిండు, ఎన్ని ఆడిండు. గంతే. జవాబు నువ్వు అందియ్యకు. తప్పు దొరికితే దిద్దుకునే మోక ఇయ్యకు.”

సోమవారం సాయంత్రం నేను ఫీల్డుబుక్కు తీసుకుని వెళ్ళాను. మొదలు: 1935 శరత్తు. ముగింపు: 1948 వసంతం. లీగులో ఆడిన సీజన్లు: ఆరు. ఆయన వ్యాను చక్రం బిగిస్తూ, తల ఎత్తకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను రాసుకున్నాను. పదమూడులోంచి ఆరు పోతే ఏడు. ఏడేళ్ళు లెక్కకు రాలేదు. ఎందుకని నేను అడగలేదు. వాంగ్మూలంలో తేడా దొరికినవాడికి కలిగే ఒక నీచమైన తృప్తితో ఇంటికి వచ్చి, పుస్తకం నాన్న ముందు తెరిచి పెట్టాను.

నాన్న ఉత్తరాన్ని పెట్టెలో వేసి తాళం వేశాడు. అన్న బుధవారం ప్రయాణానికని ఆ సోమవారం మిల్లుకు పోకుండా ఇంట్లోనే ఆగాడు. నావైపు ఒకసారి చూసి, మిర్యాలగూడకు తిరిగి వెళ్ళాడు.

బుధవారం ఉదయం నేను పనికి పోతూ బస్సు దగ్గర దొరను చూశాను. అన్నకు వేయించే ఆ బూట్లు తుడిచి, లేసులు ముడివేసి భుజాన వేసుకుని నిలబడ్డాడు; అన్న రాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన బతిమాలితే బస్సు తొమ్మిది నిమిషాలు ఆగి, ఐదు నలభై తొమ్మిదికి కదిలింది. నేను అవతలి పక్క నుంచి నడిచిపోయాను. వానలు పడేలోగా అక్కాతమ్ముళ్ళు తమ దేశం వెళ్ళిపోయారు. పోయేముందు ఆ బూట్లు కాంపౌండరు చేత మా ఇంటికి పంపారు.

1952లో పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఒక గ్రంథాలయంలో ఇంగ్లండు ఆటల పాత సంచికలు తిరగేస్తుంటే లీగు పట్టికలు కనిపించాయి. 1939 తరువాత పేజీ ఖాళీ. మళ్ళీ పట్టిక మొదలైనది 1946లో. యుద్ధం వల్ల ఏడు సీజన్లు లీగు జరగలేదని కింద ఒక్క వాక్యం. మనకు యుద్ధమంటే కిరసనాయిలు దొరకకపోవడం, బట్టకు రేషను చీట్లు. హైదరాబాదులో ఆటలు ఆగలేదు కనుక, ఇంకెక్కడైనా ఆగుతాయని నాకు తోచలేదు. వ్యాను నడపడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగినా సరిపోయేది, యుద్ధం మాట బయటికి వచ్చేది.

అటునుంచి అటే మిర్యాలగూడ వెళ్ళి అన్నకు చెప్పాను. ఇంజను ఆపకుండానే విన్నాడు. చేతుల నూనె పేలికకు తుడుచుకుని, “ఆయనకు ఏడేండ్లు పోయినయ్. నాకెన్ని పోయినయో జర లెక్క జెయ్యరాదు తమ్మీ, నీకొస్తది గద” అన్నాడు. కోపం లేదు. అదే నేను మోయలేకపోయాను.

ఇప్పుడు ఆటగాళ్ళ వేలంపాటను టీవీలో చూపిస్తున్నారు. అమ్ముడైన పిల్లవాడి ఇంట్లో మిఠాయి పంచుతున్నారు. మా నాయనమ్మ ఉంటే ఏమనేదో తెలియదు. కొత్త మనిషిని మూడుసార్లు ఏ ఊరని అడిగే రోజులూ పోయాయి. అడిగినా మేము వినదలచుకున్నంతే విన్నాము.

అన్న అడిగిన లెక్క ఆనాడు చేయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. దొరకు పోయినవి: యుద్ధంలో ఏడు సీజన్లు, ఒక మోకాలు, ఒక జత బూట్లు. మైదానానికి: పన్నెండింట ఏడు గుంజలు, తరువాత ఫంక్షన్ హాలు కింద ఎకరన్నరా. నాకు: అడగని ప్రశ్న ఒకటి. అన్నకు: మిల్లులో ముప్పై నాలుగేళ్ళు. రావలసిన సీజన్లు పది. ఆడినవి సున్న.