ఆంథోనీ వెనక చోటు

ఫరంపేట అమ్మన్నకు ముప్పై ఆరేళ్ళు. మనిషి గుంజలా ఉంటాడు గానీ బుద్ధి చిన్నప్పుడే ఆగిపోయిందని ఊరంతా అంటుంది. ఊరికేం, ఎన్నైనా అంటుంది. చిన్నప్పుడు బంతి విసిరితే అది దాటిపోయాక అతని చేతులు మూసుకునేవి. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. అమ్మన్న కూడా నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా.

గోదావరి ఒడ్డున పెద్ద వల లాగే జట్టులోకి అతన్ని తీసుకొచ్చినవాడు ఆంథోనీ. పాతికమంది ఒకే ఊపున తాడు లాగాలి. జట్టు పెద్ద మరియదాసు కేకేస్తే లాగాలని అమ్మన్నకు తెలుసు. ఆ కేక చెవిలోంచి చేతుల్లోకి దిగేసరికి మాత్రం మిగతావాళ్ళు లాగడం అయిపోయేది. ఇది కనిపెట్టింది ఆంథోనీ ఒక్కడే.

"కేక ఇనకురా. నా ఎనకాల నిలబడి నా ఈపు చూడు" అన్నాడు.

కేక రాకముందే ఆంథోనీ భుజాలు బిగిసేవి. అది చూసి అమ్మన్న సిద్ధమయ్యేవాడు. పన్నెండేళ్ళు ఒక్క లాగుడూ తప్పలేదు. అమ్మన్న బాగుపడ్డాడనుకుంది జట్టు. ఆంథోనీ ఎవరికీ గుట్టు విప్పలేదు.

2006 వానాకాలంలో ఆంథోనీ గుండె ఆగి చనిపోయాడు. అతని చోటులోకి వీరబాబు వచ్చాడు. పనిమంతుడే, కానీ మోచేతులతో లాగుతాడు, వీపు కదలదు. అమ్మన్న ఆ వీపును కళ్ళార్పకుండా చూశాడు. అది ఏమీ చెప్పలేదు. అతను ఆలస్యంగా లాగేసరికి తాడు ఎదురు గుంజి ఇద్దరు బురదలో పడ్డారు.

మూడోరోజున మరియదాసు పిలిచాడు. "నువ్వు ఒడ్డున కూకోరా అమ్మన్నా. నీ వాటా చేపలు నీకిచ్చేత్తాం."

ప్రేమగానే అన్నాడు. అందుకే మరీ కష్టం. విప్పిన చొక్కాల పక్కన, క్యారేజీల పక్కన అమ్మన్న ఒక్కడే కూర్చున్నాడు. పాతికమంది కళ్ళెదుటే ఉన్నారు, ఒక్కరూ ఇటు తిరగలేదు. పొద్దుటినుంచి లోలోపల మాటలు కూడబెట్టుకుని, సాయంత్రం మరియదాసు దగ్గరికి వెళ్ళాడు.

"ఆంథోనీ ఈపు కావాల. అలాంటి ఈపు ముందుంటే నేను లాగుతాను."

బతుకులో అతను అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ చెప్పలేదు. మరియదాసుకు ఆంథోనీ పేరొక్కటే వినబడింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకూ గుర్తొత్తన్నాడ్రా. ఏంచేత్తాం, ఊరుకో" అని అమ్మన్న బుట్టలో ఇంకో రెండు చేపలు వేసి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అమ్మన్న పెదాలు కదిలాయి. కాసేపటికి "కాదు" అన్నాడు. అప్పటికి ఒడ్డున ఎవరూ లేరు.