ఉమ్ వజీహ్ ఇంటి కుళాయి

కఫ్ర్ సఫ్సాఫ్ ఊరికి నీళ్లు కొండమీది ఊట నుంచి వస్తాయి. ఊట కింద సిమెంటు గుంట, అందులో వాల్వు. దాన్ని తిప్పే ఇనుప కడ్డీ ఒకప్పుడు వజీహ్ తండ్రి భుజం మీద ఉండేది. ఆయన పోయాక వజీహ్ భుజం మీదికి వచ్చింది. మునిసిపాలిటీలో చిన్న ఉద్యోగం. పెళ్లి లేదు. ఇంట్లో తల్లి, తను.

షౌకత్ మునిసిపల్ అధ్యక్షుడై, ఊరందరి నోట 'రయీస్' అయిన వేసవిలోనే ఊట తగ్గిందని, వారానికోసారే వాల్వు తెరవాలని ఉత్తర్వు వచ్చింది. సంతకం ఆయనదే. ఆ నెలలోనే ఊళ్లోకి నీలం ట్యాంకర్లు దిగాయి. అవీ ఆయనవే. బడికి, మసీదుకు నీళ్లు పోసే కాంట్రాక్టు కూడా మునిసిపాలిటీ ఆయనకే ఇచ్చింది.

"రయీస్ ఒక చేత్తో కట్టేస్తాడు, ఇంకో చేత్తో అమ్ముతాడు," అన్నాడు కాఫీ కొట్టు యజమాని. "నయం, దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు."

"ఇచ్చాడుగా. అదిగో, కడ్డీ మోసుకుంటూ వస్తోంది!" అన్నాడు కాఫీ తాగుతున్నవాడొకడు.

వజీహ్ తల దించుకుని నడిచిపోయాడు. ఊట తగ్గలేదని అందరికంటే ముందు తెలిసింది అతనికే.

తల్లికి మాత్రం చెప్పలేదు. ఇంట్లో, వీధి గొట్టానికి బిగించిన కుళాయిని ఆమె ఎప్పుడూ కట్టేది కాదు. కింద ఇత్తడి గిన్నె పెట్టి ఉంచేది. ఖాళీ గొట్టంలో గాలి సన్నగా ఈల వేసేది.

"విన్నావట్రా? నీళ్లు దారిలో ఉన్నాయి," అనేది. "ఊట ఎండితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే, నాయనా."

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఊరంతా ఉమ్ వజీహ్ అని పిలిచే ఆ తల్లి కన్నుమూసింది. స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్లు మేడమీది తొట్టి తట్టి చూశారు. డొల్ల చప్పుడు.

అత్తవారింటి నుంచి వచ్చిన చెల్లెలు నజ్‌లా అతని ముందుకొచ్చి నిలబడింది. "ఊరి నీళ్లన్నీ నీ చేతిలో ఉన్నాయి కదన్నయ్యా. అమ్మ ఒంటికి నాలుగు బిందెలు తేలేవా?"

అతను కడ్డీ తీసుకుని కొండెక్కాడు. వాల్వుకు పైనున్న గొట్టం దగ్గర ట్యాంకర్ నిండుతోంది. పొర్లిన నీళ్లు రాళ్లమీదుగా జారిపోతున్నాయి. కడ్డీ వాల్వుకు తగిలించేసరికి డ్రైవర్ దీబ్ పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఆగు! ఈ బండి మీ ఇంటికే. రయీస్ ఫోన్ చేశారు. డబ్బు తీసుకోవద్దన్నారు. ఉమ్ వజీహ్ నాకూ తల్లే అన్నారు."

"అవి ఊరి నీళ్లు, దీబ్."

"నాకు తెలీదా? కానీ నువ్విప్పుడు తిప్పితే ఉద్యోగం పోతుంది, రగడవుతుంది. అక్కడ అమ్మ ఎండలో ఎదురుచూస్తోంది. ఎక్కు, ఎక్కు."

వజీహ్ కడ్డీ ఊడదీసి బండి ఎక్కాడు.

ఆ నీళ్లతోనే తల్లికి ఆఖరి స్నానం జరిగింది. ఖబరస్తాన్‌లో షౌకత్ అతని భుజం మీద చెయ్యి వేసి, నలుగురికీ వినపడేలా, "అమ్మకి లోటు రానిచ్చానా?" అన్నాడు. "అల్లా మీకు మేలు చేయాలి," అన్నాడు వజీహ్. ఆ మాట తన నోటినుంచే వచ్చింది.

తర్వాత ఇంట్లో ఈల ఆగలేదు. కుళాయి కట్టేస్తే ఆగేది. అతను కట్టలేదు. భోజనం చేస్తున్నా వినిపించేది. తల్లి కోసం దువా చదువుతున్నా వినిపించేది.

పరామర్శలు ముగిసిన మర్నాడు ఉదయం కొండెక్కి వాల్వు పూర్తిగా తిప్పాడు. కడ్డీని లోయలోకి విసిరేశాడు. దిగి వచ్చేసరికి వీధంతా బకెట్ల చప్పుడు.

"వజీహ్, రయీస్‌కి తెలుసా?" మేడమీంచి ఎవరో అరిచారు. అతను ఇంటివైపు నడిచాడు.

ఇంట్లో గిన్నె పొంగిపోయింది. నీళ్లు తల్లి పరుపు కిందుగా పారి గడప దాటుతున్నాయి. కుళాయి కట్టబోయిన నజ్‌లా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ. ఇప్పుడే కదా వచ్చాయి."

సాయంత్రానికి మరొకడు మరో కడ్డీతో వాల్వు మూశాడు. వజీహ్ ఉద్యోగం పోయింది. ఇప్పుడు పక్క ఊళ్లో ఆపిల్ పండ్ల పెట్టెలు మోస్తున్నాడు. ఈల భరించలేక పక్కింటివాళ్లు కుళాయి కట్టెయ్యమంటారు. అతను గిన్నెలో పడ్డ దుమ్ము తుడిచి మళ్లీ దాని కిందే పెడతాడు.