సరిత పెంచిన ఈగలు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది ఈగల గురించిన అబద్ధం. మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నేనూ నవ్వి తీసిపారేయాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు. ఇక ఓపిక లేదు, అందుకే చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా ధైర్యం అదే.

అప్పుడు నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉండేది నాచారంలో, అమ్మతో. సరిత నాకంటే రెండేళ్లు జూనియర్. జనగామ వైపు పిల్ల, ఉప్పల్‌లో హాస్టల్లో ఉండేది. ముగ్గిన అరటిపండు మీద సన్నటి ఈగలు ముసురుతాయి చూడండి, ఆమె పని వాటితోనే. ప్రతి తరంలో వాటిని పస్తు పెట్టేది. ఎక్కువసేపు తట్టుకున్న వాటినే ఏరి, వాటి పిల్లలను పెంచేది. మళ్లీ పస్తు, మళ్లీ ఏరడం. ఇలా చేస్తూ పోతే ఆకలికి ఓర్చుకునే ఈగలు తయారవుతాయా అన్నది ప్రశ్న. జీవపరిణామం గురించి మేమంతా పుస్తకాల్లో చదివినవాళ్లమే. ఆమె మాత్రం దాన్ని సీసాలో కళ్లారా చూడాలనుకుంది. రెండున్నరేళ్లు ఆ సీసాలను చంటిపిల్లల్లా సాకింది. పండక్కి కూడా ఊరికి వెళ్లేది కాదు. ఈగలకు సెలవులుండవు కదా.

ఒక ఏప్రిల్‌లో ఆమెకు కామెర్లు వచ్చాయి. వాళ్ల నాన్న వచ్చి ఊరికి తీసుకెళ్లాడు. వెళ్తూ సీసాలు నాకప్పగించింది. రెండు వారాలు బుద్ధిగానే చూశాను. తర్వాత ఎండలు ముదిరాయి. నాచారం నుంచి ఉప్పల్, అక్కడ బస్సు మారి యూనివర్సిటీ, రోజూ ఇదే తిరుగుడు, అదీ నాది కాని పని కోసం. విసుగొచ్చింది. ఒక శుక్రవారం సీసాలన్నీ బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. మా ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. ఏ ఈగలనైనా రెండు సెట్లు పెంచాలి, ఆ రెండూ ఎప్పుడూ ఒకే గదిలో ఉండకూడదు. ఒకటి పోయినా ఇంకోటి మిగలాలని. కానీ ఒకటి అక్కడ వదిలితే దానికోసం మళ్లీ వెళ్లాలి కదా? రెండూ తెచ్చాను.

మా ఇంటి వెనక మురుగునీటి నాలా. సాయంత్రమైతే దోమలు పీక్కు తింటాయి. అమ్మ అలవాటుగా ఆ గదిలో దోమల మందు మిషన్ పెట్టి తలుపు వేసింది. ఆమెకేం తెలుసు, నేను చెబితే కదా! పొద్దున చూస్తే ఈగలన్నీ సీసాల అడుగున పడి ఉన్నాయి. గుడ్లయినా మిగిలాయేమోనని నాలుగు రోజులు ఆశగా చూశాను. ఏమీ మిగల్లేదు.

నా ముఖం చూసి అమ్మ అంది: “పోతే పోయినయి తియ్యే. అరటితొక్క పెడితే గసొంటియి మస్తొస్తయి.”

ఐదో రోజు ల్యాబ్‌కు వెళ్లి, అక్కడ పస్తు లేకుండా పెంచే మామూలు ఈగలను ఆ సీసాల్లోకి మార్చాను. సీసాల మీది చీటీలు సరిత చేతిరాతతో అలాగే ఉన్నాయి.

ఎందుకలా చేశాను? ఫోన్ చేసి తప్పయిపోయిందని ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేది? మా ఇద్దరి గైడ్ సార్ తిట్టేవారు. అది నేను థీసిస్ ఇవ్వాల్సిన ఏడాది, నన్ను బాధ్యత లేనిదాన్నని ఎవరూ అనుకోకూడదు. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ నాలో వెతుక్కున్నాను, ఉంటే కొంచెం మర్యాదగా ఉండేదని. లేదు.

సరిత తిరిగొచ్చి పస్తు పరీక్ష పెట్టింది. ఆమె ఈగలు మామూలు ఈగలతో పాటే చచ్చిపోయాయి. మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ అంతే. చివరికి నా దగ్గరికొచ్చింది.

“అక్కా, నేను లేనప్పుడు ఏమన్న అయిందా? ఏసీ గిట్ల బందైందా?”

“ఏం కాలే. మంచిగనే ఉన్నయి.”

“మరి గిట్లెందుకైంది? ఏరేటప్పుడు నేనే ఏమన్న తప్పు జేసిన్నా?”

“ఏమో. జేసినవేమో,” అన్నాను.

ఈగలను చంపింది నా బద్ధకం. ఈ మాట మాత్రం నేను తెలిసి అన్నాను. సార్ అందరి ముందూ ఆమె పనిలో జాగ్రత్త లేదన్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆరు నెలలకు ఆమె పీహెచ్‌డీ మానేసింది. ఇప్పుడు కాప్రా వైపు ఒక బడిలో సైన్స్ చెబుతోంది. నేను డిగ్రీ కాలేజీలో పరిణామం పాఠం చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, దాన్ని కళ్లతో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. నేను బోర్డు వైపు తిరుగుతాను.

పోయిన నెల ఏఎస్ రావు నగర్‌లో సరిత కనిపించింది. ఆప్యాయంగా చేయి పట్టుకుంది. మాటల్లో ఆమే అంది, “రీసెర్చ్ నాతోని అయ్యే పని గాదక్కా, నాకు అప్పుడే సమజైంది,” అని. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

ఇంకొకటి ఉంది. ఆమె ఊళ్లో ఉండగా రెండో వారంలో, ఆమె చెప్పి వెళ్లినట్టే ఒకసారి పస్తు పెట్టాను, పక్కన మామూలు ఈగలను ఉంచి. మామూలువన్నీ చచ్చాక కూడా ఆమె ఈగలు సీసా గోడల మీద పాకుతూనే ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా. ఒక కాగితం మీద గంటలతో సహా రాసుకున్నాను. తర్వాత చించేశాను.

క్షమించమని అడగడం లేదు. ఇది ఆమెకు చూపిస్తానో లేదో కూడా తెలియదు. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. సరిత ఏ తప్పూ చేయలేదు. ఆమె ఈగలు మారాయి. చూసింది నేనొక్కదాన్నే.